ఆ పక్షిని ఎందుకు లేపారు?

ఇందాకే చెరువు దగ్గర్నుంచి వచ్చాను. కోపానికి చేతులు ఇంకా వణుకుతూనే ఉన్నాయి.

తుఫాను తగ్గి ఒక్క రోజే అయింది. సముద్రానికి ఇంత దూరంలో ఉన్న నీళ్ల మీద, గల్ పక్షుల (సీగల్స్) గుంపుకి కాస్త ఎడంగా ఒక చిన్న గల్ ఒంటరిగా కూర్చుని ఉంది. నల్ల ముక్కు. మెడ వెనక నల్లటి పట్టీ. చూడగానే గుండె ఆగినంత పనైంది. కిట్టివేక్! ఏడాది నిండని పిల్ల. చలికాలమంతా నడిసముద్రంలో బతికే పక్షి అది, గాలి విసిరికొడితే తప్ప ఇటు రాదు.

పక్కనే ఇద్దరు పెద్దమనుషులు, మోచేయంత లెన్సులతో. చూపించాను. ఒకాయన బైనాక్యులర్స్ ఎత్తకుండానే "బ్లాక్ హెడెడ్ గల్ పిల్లేనమ్మా, కొత్తవాళ్లకి అన్నీ అరుదుగానే కనిపిస్తాయి" అన్నారు.

ఒళ్లు మండింది. బ్లాక్ హెడెడ్ పిల్లకి ముక్కు మొదట్లో లేత రంగు, చివర మాత్రమే నలుపు. కాళ్లు కూడా లేత రంగే. దీని ముక్కు మొత్తం నలుపు, కాళ్లు ముదురు. చెవి దగ్గర మచ్చ రెండింటికీ ఉంటుంది, అక్కడే చాలామంది పొరబడతారు. కానీ ఆ మెడపట్టీ దానికెక్కడిది? అసలు ఆ పేరు పెట్టినవాళ్లని అనాలి. దాని తల నలుపు కాదు, చాక్లెట్ రంగు. అది కూడా జతకట్టే కాలంలోనే. చలికాలంలో తల తెల్లబడి మచ్చ ఒక్కటే మిగులుతుంది. పైగా గల్స్‌కి పెద్ద పక్షుల రంగు రావడానికి జాతిని బట్టి రెండేళ్ల నుంచి నాలుగేళ్లు పడుతుంది. పేరు పట్టుకుని వెతికితే పక్షి దొరుకుతుందా?

రెండో ఆయన "సబీన్స్ గల్ అయ్యుంటుంది, తుఫానులకి అవే కొట్టుకొస్తాయి" అన్నారు. వస్తాయి, కాదనను. 1987 అక్టోబర్ 16 తుఫానుకి దక్షిణ ఇంగ్లండ్‌లో ఎన్నో కనిపించాయి. అంతమాత్రాన ఎదురుగా ఉన్న పక్షి సబీన్స్ అయిపోదు కదా! సబీన్స్ పిల్లకి వీపు, మెడ వెనక భాగం గోధుమ బూడిద రంగులో పొలుసుల్లా ఉంటాయి. దీని వీపు శుభ్రమైన బూడిద రంగు. మసక వెలుతురులో దూరం నుంచి ఎవరైనా పొరబడొచ్చు, తప్పు లేదు. వీళ్లు అసలు చూడనేలేదు.

అయినా దానికీ ఇంత కోపం లేదు. "రెక్క చూస్తే తేలిపోతుంది" అంటూ మొదటాయన నీళ్ల అంచు దాకా వెళ్లి చప్పట్లు కొట్టారు. పక్షి లేచింది. రెండు రెక్కల మీదుగా నల్లటి డబ్ల్యూ (W) ఆకారం, వెనక అంచున తెల్లటి మెరుపు. కిట్టివేకే. బ్లాక్ హెడెడ్ పిల్లకి ఆ అంచు నల్లగా ఉంటుంది. తేలిపోయింది, సరే. ఫొటో కుదరలేదని మళ్లీ లేపారు. మూడోసారి కూడా! చివరిసారి నీళ్లని తాకుతున్నంత కిందగా ఎగిరి, ఎలాగో చెట్లు దాటి వెళ్లిపోయింది.

తుఫానుకి కొట్టుకొచ్చిన పక్షి తిండి లేక, ఒంట్లో ఉన్న కొవ్వంతా కరగదీసుకుని వస్తుంది. దానికి కావలసింది విశ్రాంతి. అరగంట ఆగితే తనంతట తానే ఒళ్లు విరుచుకునేది, ఈకలు సర్దుకునేది, రెక్క కనిపించేది. ఆ అరగంట కూడా ఆగలేరా?

మూడేళ్ల కిందట కూడా ఇలాగే జరిగింది. ఒక గల్‌ని గంటసేపు చూసి, ముక్కు, కాళ్లు, రెక్క చివర్లు అన్నీ బొమ్మ గీసి చూపిస్తే "ఫొటో ఏదమ్మా?" అన్నారు. నాలుగు రోజుల తర్వాత అదే పక్షిని ఒక పెద్ద లెన్స్ ఆయన ఫొటో తీశారు. ఆ పక్షి ఇక్కడ కనిపించిందన్న రికార్డు ఆయన పేరు మీదే ఉంది. ఫొటో అబద్ధం చెప్పదా? వెలుతురు కాస్త మారితే లేత బూడిద ముదురుగా కనిపిస్తుంది. పక్కన ఇంకో పక్షి లేకపోతే సైజు కూడా తెలియదు. నా బొమ్మలో ఆ రెండూ ఉన్నాయి. ఇప్పటికీ ఆ కాగితం నా దగ్గరే ఉంది.

ఈరోజు డబ్ల్యూ ఫొటో అప్పుడే ఆయన పేరుతో తిరుగుతోంది. లైకులు కొడుతున్నవాళ్లూ, ఆ పక్షిని ఎన్నిసార్లు లేపారో ఆయన్ని ఒక్కసారి అడగండి.

రేపు తెల్లవారకముందే అవతలి ఒడ్డుకి వెళ్తున్నాను. ఇంకా బతికుంటే అక్కడే దిగి ఉండాలి. వచ్చేవాళ్లు రండి, కానీ దూరంగా కూర్చోండి.