కవి బహిష్కరణ పథకానికి కొన్ని సవరణలు

కవుల వల్ల రాజ్యానికి వాటిల్లే ముప్పును పసిగట్టి, దానికి పకడ్బందీగా విరుగుడు రాసిన ఘనత క్రీస్తుపూర్వం 4వ శతాబ్దపు ఏథెన్సు తత్త్వవేత్త ప్లేటోది. ఆదర్శ రాజ్యం గురించి రాసిన 'రిపబ్లిక్' గ్రంథం మూడో భాగంలో ఆయన నిర్దేశించిన పద్ధతి ఎంతో మర్యాదైనది. ఏ వేషమైనా కట్టగల కవి నగరానికి వస్తే, అతని తలకు సుగంధ తైలం పూసి, ఉన్ని పట్టీ చుట్టి, గౌరవంగా వేరే ఊరికి సాగనంపాలి. ఆ ఊరివాళ్లు చేసిన పాపమేమిటో పథకంలో లేదు.

అంతకంటే పెద్ద లోపం అమలులో ఉంది. చచ్చినవాళ్లందరికీ రాజుగా ఉండటం కంటే పూట గడవని పేదవాడి దగ్గర కూలి చేసుకోవడం మేలని చనిపోయి పాతాళం చేరిన వీరుడు అఖిలీస్ అన్న మాట యువకులను పిరికివాళ్లను చేస్తుంది కనుక, గ్రీకు మహాకవి హోమర్ కావ్యం నుంచి దాన్ని కొట్టివేయాలన్నాడు ప్లేటో. అదే అఖిలీస్ తలమీద దుమ్ము పోసుకుని ఏడవడం, కమ్మరి దేవుడు హెఫాయిస్టస్ హడావుడి చూసి తోటి దేవతలు పగలబడి నవ్వడం కూడా పనికిరావన్నాడు. అయితే వేటిని చదవకూడదో తెలియజెప్పడానికి ఆ పంక్తులన్నింటినీ తానే ఉదహరించాడు! హోమర్‌ను ఆసాంతం చదివే తీరిక లేని విద్యార్థికి అందులోని మేలైన ఘట్టాలు అలా ఒకేచోట దొరికాయి. నిషేధించేవారు ఇకపై పంక్తి సంఖ్య మాత్రమే ఇచ్చి ఊరుకోవడం శ్రేయస్కరం.

ఈ విషయంలో ఏథెన్సు పౌరులే నయం. క్రీ.పూ. 494లో పర్షియన్ల చేతిలో ఏథెన్సువారికి బంధువులైన గ్రీకుల మిలేటస్ నగరం పడిపోయిన ఘటనను కవి ఫ్రినికస్ నాటకంగా ప్రదర్శిస్తే, ప్రేక్షకులంతా భోరుమన్నారని, తమవారి కష్టాలను గుర్తుచేసినందుకు అతనికి 1000 డ్రాక్మాల జరిమానా వేసి, ఆ నాటకాన్ని మళ్లీ ఎవరూ ఆడకూడదన్నారని చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. ఏడ్చింది జనం, కట్టింది కవి. ఇంత సులువైన న్యాయాన్ని ప్లేటో అనవసరంగా సిద్ధాంతం చేశాడు: రంగస్థలం మీది వీరుడి ఏడుపుకు జాలిపడటం అలవాటైతే, సొంత కష్టం వచ్చినప్పుడు నిగ్రహం నిలవదట.

ఆయన నడిపిన విద్యాలయం అకాడమీలో 20 ఏళ్లు గడిపిన అరిస్టాటిల్ ఏం చేశాడో చూడండి. గురువు వద్దన్న ఆ జాలినే, దానికి తోడు భయాన్ని కూడా రేకెత్తించి, వాటి ద్వారానే అటువంటి ఉద్వేగాలను ప్రక్షాళన చేయడం ట్రాజెడీ (విషాద నాటకం) పని అన్నాడు. ఎలా చేస్తుందో మాత్రం ఇప్పుడు మనకు మిగిలిన అతని కావ్యశాస్త్ర గ్రంథం 'పొయెటిక్స్'లో వివరణ లేదు, బహుశా అందుకే పండితులకు ఇన్ని శతాబ్దాలుగా పని దొరికింది. జరిగినది చెప్పే చరిత్ర కంటే జరగగలిగినది చెప్పే కవిత్వమే ఎక్కువ తాత్త్వికమని కూడా తీర్మానించాడు.

నిజానికి శిష్యుణ్ణి మాత్రమే తప్పుపట్టలేం. కవిత్వం ఆనందంతోపాటు ప్రయోజనం కూడా ఇస్తుందని దాని అభిమానులు వచనంలో వాదించి నిరూపిస్తే సంతోషంగా తిరిగి రానిస్తామని 'రిపబ్లిక్' పదో భాగంలో ప్లేటోయే చెప్పాడు. అప్పీలుకు వీలున్న బహిష్కరణకు ఎవరు భయపడతారు?

అసలు కారణం ప్లేటో మరో గ్రంథం 'లాస్' ఏడో భాగంలో గాని బయటపడలేదు. ట్రాజెడీ కవులు వచ్చి ప్రవేశం అడిగితే, మేమూ కవులమే, మా రాజ్యవ్యవస్థే అత్యుత్తమ ట్రాజెడీ, మీరు మాకు పోటీదారులు అని బదులివ్వాలట. ఏథెన్సులో నాటక పోటీలు జరిగే డయొనీసియా ఉత్సవంలో ట్రాజెడీ కవి సోఫోక్లిస్ అంతటివాడు కూడా మరో ఇద్దరితో పోటీపడి, న్యాయనిర్ణేతల తీర్పు కోసం ఎదురుచూడవలసి వచ్చేది. పోటీదారులను ముందుగానే ఊరు దాటిస్తే ఆ శ్రమ ఉండదు.