బ్రాకెటింగ్ గారూ, ఆ మైనస్ ఎవరి కోసం?

మహారాజశ్రీ బ్రాకెటింగ్ గారి సముఖానికి,

నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమం, నా పర్సు మాత్రం కాదు. ఒకే దృశ్యాన్ని మామూలుగా ఒకసారి, తక్కువ వెలుతురుతో ఒకసారి, ఎక్కువ వెలుతురుతో ఒకసారి తీయించే తమరు నిక్షేపంగా ఉన్నారని ఇవాళ ల్యాబ్ నుంచి వచ్చిన ఫిల్మ్ స్కాన్లు చూశాక అర్థమైంది.

ఫోల్డర్ తెరిచాను. మొదటి ఫోటో: మొహమ్మద్ కులీ కుతుబ్‌షా సమాధి, సాయంత్రపు ఎండలో గుమ్మటం, కింద కమానుల్లో చిక్కటి నీడ. బాగుంది. రెండోది: అదే సమాధి, అదే ఎండ, అదే నీడ. మూడోది తెరిచాను. రెండోదే మళ్ళీ నొక్కానేమో అనుకుని ఫైల్ నంబరు చూశాను. కాదు, మూడోదే. ఒకటి వెలుతురు కొలిచే మీటరు చెప్పినట్టు తీసింది, ఒకటి స్టాప్ తక్కువ, అంటే సగం వెలుతురుతో, అదే తమరి మైనస్, ఒకటి స్టాప్ ఎక్కువ, అంటే రెట్టింపు వెలుతురుతో, అదే ప్లస్. ఏది ఏదో ఆ కులీ కుతుబ్‌షాయే లేచొచ్చి చెప్పాలి.

ల్యాబ్‌కి ఫోన్ చేశాను. అవతల కుర్రాడు చాలా మర్యాదస్తుడు.

"అవును సార్, ముందు ఒకటి డార్క్‌గా, ఒకటి లైట్‌గా ఉన్నాయి. మేం చూసుకుని మూడూ ఒకేలా వచ్చేట్టు కరెక్ట్ చేసేశాం."

"అవి కావాలనే అలా తీశాను తమ్ముడూ."

"ఎందుకు సార్?"

ఇదిగో, ఈ ప్రశ్నకి జవాబు చెప్పాల్సింది నేను కాదు, తమరు. అందుకే ఈ లేఖ.

ఆ కుర్రాణ్ణి ఏమీ అనలేను. స్కానరు పనే అది. వెలుతురు తక్కువ పడి పల్చబడ్డ నెగటివ్ వస్తే తన వెలుగు కాస్త తగ్గించి, ఎక్కువ పడి మందమైనది వస్తే పెంచి, ఏ ఫ్రేముకి ఆ ఫ్రేము చూసుకుని సరిచేస్తుంది. పైగా పోర్ట్రా 400 లాంటి కలర్ నెగటివ్ ఫిల్మ్ రెండు స్టాపులు ఎక్కువ వెలుతురు పడ్డా కిమ్మనదు. అంటే ఆ మూడు క్లిక్కులు ఒకే ఫోటోగా మారడం ప్రమాదమేమీ కాదు. అలా మారడానికే ఆ ఫిల్మూ, ఆ స్కానరూ పుట్టాయి. ఈ సంగతి తమరికి ముందే తెలుసు. తెలిసీ నా చెవిలో "ఎందుకైనా మంచిది, ఇంకో రెండు" అని ఊదారు. ఊరెళ్తుంటే ఎండాకాలంలో కూడా ఇంకో దుప్పటి సర్దే పెద్దమ్మ గొంతు తమరిది. కాకపోతే పెద్దమ్మ దుప్పటికి డబ్బు తీసుకోదు.

తమరు డిజిటల్ వాళ్ళ ఇళ్ళల్లో ఎలా ఉంటారో నాకు తెలుసు. అక్కడ తమరి ఊసే ఉండదు. ఫోన్‌లో హెచ్‌డీఆర్ పేరుతో నాలుగైదు ఫ్రేములు లాగి, కలిపి, చేతులు దులుపుకుని వెళ్ళిపోతారు. వాళ్ళకి తమరు వచ్చి వెళ్ళినట్టు కూడా తెలియదు. రోల్‌కి ముప్పై ఆరు ఫ్రేములుండే చిన్న ఫిల్మ్ కెమెరాల వాళ్ళ దగ్గర కూడా తమరి తిండి పెద్ద భారం కాదు. తమరు కాపురం పెట్టడానికి చూసుకున్న ఇల్లు మాత్రం నా పెద్ద ఫిల్మ్ కెమెరా, మామియా ఆర్‌బీ67. రోల్‌కి పది ఫ్రేములు. ఒక రోలే వెయ్యి రూపాయలు దాటిపోయిన రోజుల్లో, పైన డెవలపింగు, స్కానింగు, కొరియరు కలిపితే తడిసి మోపెడయ్యే ఇంట్లో, మూడు పూటలా మూడేసి విస్తళ్ళు వేయించుకుంటున్నారు.

లెక్క కూడా కుదరదు కదండీ. పదిని మూడుతో భాగించండి. హాసెల్‌బ్లాడ్ కెమెరా వాళ్ళకు పన్నెండు ఫ్రేములు, నాలుగు దృశ్యాలు, మిగులు లేదు, తరుగు లేదు. నాకు మూడు దృశ్యాలు, ఆపైన ఒక్క ఫ్రేము. ఆ పదోదానికి తమరి సేవ చేయించుకునే భాగ్యం లేదు కాబట్టి, ఒక్కసారి మీటరు చూసి, ధైర్యంగా ఒక్కటే కొడతాను. ఆ సాయంత్రం పదో ఫ్రేములో నిలబడింది అక్కడి కాపలా పెద్దాయన. అంతకుముందే వచ్చి, కాసేపు చేతులు కట్టుకుని చూసి, "అదే ఫోటో ఎన్నిసార్లు తీస్తారు సార్?" అని అడిగి వెళ్ళిన మనిషి. రోల్ మొత్తంలో మనిషికి చూపించుకోదగ్గ ఫోటో అదొక్కటే. తమరి చెయ్యి పడనిదీ అదొక్కటే.

ఆ మూడు ఫ్రేములు తీయడమంటే ఏమిటో తమరికి ఒకసారి గుర్తు చేయాలి. సూర్యుడు దిగిపోతున్నాడు. మీటరు చూశాను, షట్టర్ సెకనులో అరవయ్యో వంతు, అపర్చర్ అనే లెన్స్ రంధ్రం ఎఫ్ 11. కేబుల్ నొక్కాను, లోపల అద్దం "ఢబ్" మంది. ఇక మొదలు. కెమెరా పక్కనున్న పెద్ద మీట కిందికి నొక్కితే అద్దం దిగి షట్టర్ బిగుస్తుంది. అది చాలదు, వెనకున్న బ్యాక్ మీట వేరే లాగితే ఫిల్మ్ కదులుతుంది. ఈ తోపులాటలో ట్రైపాడ్ కదిలిందేమోనని మళ్ళీ తల వంచి చూడాలి. పైనుంచి చూసే గాజులో కుడి ఎడమ, ఎడమ కుడి. తర్వాత లెన్స్ చుట్టూ రింగు తిప్పి షట్టర్‌ని సెకనులో నూటపాతికో వంతుకి తేవాలి. అపర్చర్ తిప్పితే పని సులువే కానీ, అప్పుడు ముందున్న మెట్లు ఒక ఫ్రేములో స్పష్టంగా, ఇంకో దాంట్లో మసకగా వస్తాయి. అందుకని షట్టరే. క్లిక్. మళ్ళీ పెద్ద మీట, చిన్న మీట, తల వంచడం, రింగు ముప్పైకి. ఇంతా చేసేసరికి గుమ్మటం మీదున్న ఎండ గుమ్మటం దాటి పోబోతోంది. ఇంకాస్త ఆలస్యమైతే, ఒక స్టాప్ ఎక్కువ అని నేను తీసిన ఫ్రేముకి ఆ చీకట్లో సరిగ్గా మీటరు చెప్పిన వెలుతురే పడేది. ప్లస్ అనుకున్నది మామూలయ్యేది. మరి తమరు చేసింది ఏమిటి? కాలక్షేపం!

ఆరో నిజాం కొలువులో ఫోటోలు తీసిన రాజా దీన్ దయాళ్ ఇదే హైదరాబాదులో ఫిల్మ్‌కి బదులు గాజు పలకలు మోయించుకుని తిరిగారు. ఆయన దగ్గరికెళ్ళి "ఎందుకైనా మంచిది, ఇంకో రెండు పలకలు" అనే ధైర్యం తమరికి ఉండేదా అండీ?

మనుషుల్ని తీసేటప్పుడు తమరి సంగతి చెప్పనే అక్కర్లేదు. మామూలు ఎక్స్‌పోజర్‌లో అమ్మమ్మ కళ్ళు మూసుకుంది. ప్లస్‌లో "అయిందా?" అని అడుగుతోంది. మైనస్‌లో నవ్వింది. ఇక ఊరుకుంటాను.

తమరి తమ్ముడు మల్టిపుల్ ఎక్స్‌పోజర్ గారే నయం. తమరు ఒక దృశ్యానికి మూడు ఫ్రేములు మింగితే, ఆయన మూడు దృశ్యాలను ఒక్క ఫ్రేములో సర్దుతాడు. గృహస్థు లక్షణం అంటే అది. ఆయనకు లెక్కా పద్దూ ఉంది: రెండుసార్లు తీస్తే ఒక్కోటి ఒక స్టాప్ తగ్గించు, నాలుగుసార్లయితే రెండు స్టాపులు, ఎనిమిదికి మూడు. దీపావళి తారాజువ్వలకైతే ఆ లెక్క కూడా వద్దంటాడు. నల్లటి ఆకాశం మీద నల్లటి ఆకాశం ఎన్నిసార్లు పడ్డా నలుపే కదా, ఒకదాని పక్కన ఒకటి పూయిస్తూ పో అంటాడు. ఆయనకూ చాదస్తాలున్నాయి. కెమెరా పక్కనున్న బుల్లి మీటను మల్టిపుల్ వైపే మరిచిపోతే అల్లరి చేస్తాడు. మా మిత్రుడొకాయన అలాగే మరిచిపోయి, ఫిల్మ్ కదిపే మీట లాగడమూ మరిచి, ఆ మీద తమర్ని పిలిచాడు. మూడు బ్రాకెట్లూ ఒకే ఫ్రేము మీద పడ్డాయి. ఒకటి, ఒక అర, ఒక రెండు: వెరసి మూడున్నర రెట్ల వెలుతురు, దగ్గర దగ్గర రెండు స్టాపులు ఎక్కువ. ట్రైపాడ్ గట్టిది, గుడిగోపురం కదిలేది కాదు. స్కాన్ వచ్చింది. ఎలా ఉందనుకున్నారు? మామూలుగా ఉంది! అన్నదమ్ములిద్దరూ కలిసి మీద పడ్డా ఆ ఫిల్మ్ చలించలేదు. ఆ మిత్రుడికి ఒక్క ఫ్రేములో వచ్చింది నాకు మూడింట్లో వచ్చింది. అన్యాయం కాదూ?

సరే, స్కాన్ని నమ్మక నెగటివ్‌నే అడుగుదామని, ఫోన్ తెర తెల్లగా పెట్టి ఆ ముక్కను పరిచి భూతద్దం పెట్టాను. తేడా అక్కడ శుభ్రంగా ఉంది. మీటరు చెప్పిన ఫ్రేములో కమాను లోపల స్తంభం అంచు సన్నగా కనిపిస్తోంది. ప్లస్‌లో స్తంభంతో పాటు రాళ్ళ మధ్య అతుకులు కూడా ఉన్నాయి. మైనస్‌లో కమాను లోపల ఉత్త ఫిల్మ్ తాలూకు నారింజ రంగు. రాయి లేదు, స్తంభం లేదు, ఏమీ లేదు. మళ్ళీ స్కాన్ దగ్గరికి వచ్చి మైనస్‌ని జూమ్ చేస్తే, ఆ చోట బూడిద రంగు నలకలు తప్ప ఇంకేం లేవు. స్కానరు పైకి ఎంత సరిచేసినా, లేని స్తంభాన్ని ఎక్కణ్ణుంచి తెస్తుంది?

ఇంతకీ నా బాధ ఇదీ. ప్లస్ తీయించావు, పోనీ. నెగటివ్ దాన్ని కడుపులో పెట్టుకుంటుంది. ఆ మైనస్ ఎందుకు తీయించావు? నెగటివ్‌కి నీడలో వెలుతురు చాలకపోతే అక్కడ పుట్టేదేమీ ఉండదని నీకు తెలియదా? ఫోటోగ్రాఫర్లు ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ కలిసి 1940 ప్రాంతంలో జోన్ సిస్టమ్ అనే వెలుతురు లెక్క కట్టి, ముందు నీడను కొలుచుకోండిరా అని నేర్పారే, ఆ పాఠం రోజు నువ్వు సెలవు పెట్టావా? నెగటివ్ వేసిన కెమెరాలో మైనస్ అన్నది ఎప్పుడైనా, ఎవరికైనా, ఒక్క ఫోటో నిలబెట్టిందా? ప్రతి రోల్‌లో మూడు ఫ్రేములు నువ్వు ఊరికే గంగలో కలిపావు! అటూ ఇటూ సమానంగా ఉండాలన్న నీ సోకు కోసం! ఒకవైపే తప్పు జరిగే చోట రెండు వైపులా కాపలా పెట్టావు. సరిగ్గా ఎవరూ రాని గుమ్మం దగ్గర జీతమిచ్చి నిలబెట్టావు. అనుమానం పెనుభూతమంటారు, ఆ భూతానికి నా చేత నైవేద్యం పెట్టించావు.

క్షమించాలి. గొంతు లేచింది. మంచినీళ్ళు తాగి వచ్చాను.

న్యాయంగా మాట్లాడుకుందాం. నా ఫ్రిజ్‌లో కూరల పెట్టె వెనక ఒక ఎక్టాక్రోమ్ ఇ100 రోల్ ఉంది. కోడాక్ ఆపేసి, 2018లో మళ్ళీ మొదలుపెట్టిన స్లైడ్ ఫిల్మ్, అంటే నెగటివ్ కాకుండా నేరుగా బొమ్మే వచ్చేది. దాని దగ్గర ఏ కుర్రాడి కరెక్షనూ సాగదు. ఎండ అర స్టాప్ ఎక్కువైతే మబ్బు అంచు కరిగిపోతుంది, ఒక స్టాప్ ఎక్కువైతే ఖాళీ ప్లాస్టిక్ మిగులుతుంది. అక్కడ మైనస్‌కి పని ఉంది. నిజానికి ఎక్కువ పని దానికే. అర స్టాప్ కింద తీసిన స్లైడ్‌ను వెలుతురు మీద పెట్టి చూస్తే రంగులు ఎంత చిక్కగా ఉంటాయో నాకూ తెలుసు. అది తమరి చలవే, కాదనను.

కాబట్టి ఒప్పందం. స్లైడ్ వేసిన రోజు నేనే కబురు పెడతాను. అర స్టాప్ అటు, అర స్టాప్ ఇటు, అంతకు మించి చనువు వద్దు. నెగటివ్ వేసిన రోజు గుమ్మం ఎక్కకండి. మరీ రాకుండా ఉండలేకపోతే ప్లస్ ఒక్కదాన్నే తీసుకుని రండి, మైనస్‌ను ఇంట్లో పడుకోబెట్టి. తమరి తమ్ముణ్ణి దీపావళికి తప్పకుండా పంపండి. వాయిదా మీటరులో బ్యాటరీ అయిపోయేదాకానే కాబట్టి, జవాబు త్వరగా రాయగలరు.

ఇట్లు,
రోల్‌కి పదే ఫ్రేములున్న
తమ విధేయుడు

తా.క.: ల్యాబ్ కుర్రాడు ఇప్పుడే మెసేజ్ పెట్టాడు. కరెక్షన్ లేకుండా మళ్ళీ స్కాన్ చేస్తాడట. మూడింటికీ వేరే చార్జి.