ల్యాండ్‌శాట్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ల్యాండ్‌శాట్ ఉపగ్రహం గారి సముఖానికి,

నగర ప్రణాళికా విభాగం వారు రాసుకునే విన్నపం. ఇక్కడ మేమంతా క్షేమం. 705 కిలోమీటర్ల ఎత్తున మీరూ క్షేమమని తలుస్తాం. అంత దూరాన ఉన్నవారు మా ఊసు ఎత్తకుండా ఉంటే ఇంకా బాగుండేది.

1972లో మీ వంశంలో మొదటివారు పైకెక్కినప్పుడు మేం కాదనలేదు. పంటలో అడవులో చూసుకుంటారులే అనుకున్నాం. పైగా అప్పట్లో మీరు పైనుంచి తీసే నేల చిత్రాలు కొనుక్కోవాలి. బడ్జెట్ లేదని నోట్ పెడితే ఫైలు హాయిగా నిద్రపోయేది. 2008లో అవన్నీ ఉచితమన్నారు చూడండి, అక్కణ్ణుంచి మొదలైంది మా గ్రహచారం. కాలేజీ పిల్లలు సైతం పాత ఊరికో రంగు, కొత్త ఊరికో రంగు పూసి, ఒకదాని మీద ఒకటి పరిచి మా బల్ల మీద పెడుతున్నారు.

మీ చూపేమంత నిశితం కాదు. మీ చిత్రంలో ఒక్కో పిక్సెల్, అంటే ఒక్కో చుక్క, నేల మీద 30 మీటర్ల గడి. దున్నిన పొలాన్ని కాంక్రీటనుకుని తికమకపడతారని మీ చిత్రాలు చదివేవాళ్ళే ఒప్పుకుంటారు. ఆ ఒక్క లోపాన్ని పట్టుకుని మేం ఎన్ని మీటింగులు గట్టెక్కామో!

జనం పెరిగారు కాబట్టి ఊరూ పెరిగిందని సర్దిచెప్పబోతే, ఐక్యరాజ్యసమితి వారి 11.3.1 సూచిక తీస్తున్నారు. ఊరు నేలను మింగే వేగాన్ని జనాభా పెరిగే వేగంతో భాగించాలట. ఫలితం ఒకటి దాటితే మనుషుల కంటే ఊరే ముందు పరిగెత్తినట్టట. భాగహారం వచ్చిన ప్రతివాడూ ఇలా అడుగుతుంటే మేమెందుకిక?

స్లూత్ అని ఒక కంప్యూటర్ నమూనా ఉంది. ఊరు రేపు ఎటు పాకుతుందో చెబుతుంది. నేల వాలు, రోడ్లు, పాత ఊరి హద్దులతో పాటు ‘ఇక్కడ కట్టకూడదు’ అనే పొర కూడా దానికివ్వాలి. చెరువులు, వాగులు, రక్షిత అడవులు అందులోకి వస్తాయి. అమాయకపు యంత్రం, కట్టకూడదంటే కట్టరని నమ్మేస్తుంది! మేం పొర ఇచ్చేనాటికి చెరువే. లెక్క తేలేసరికి అక్కడ లేఅవుట్ వెలిసింది, చెరువు పేరు కమాను మీద మిగిలింది. తప్పు నమూనాదేనని రాసి సంతకాలు చేశాం.

మీ వల్ల ఉపయోగం లేదనం. కొత్త రోడ్డు ఎటు వస్తే మంచిదో పటంలో గుర్తించాం. ఆ పటం బయటికి రాకముందే చుట్టుపక్కల నేల అమ్ముడైపోయింది. బడి, బస్సు, మురుగుకాలవ ఎక్కడ కావాలో కూడా గుర్తించాం. అవి రెండో దశ. పటం ముందు నడిస్తే ఊరు వెనక రావాలని మీవాళ్ళ పట్టుదల. మా దగ్గర ఊరే ముందు నడుస్తుంది, పటం వెనకాల వచ్చి రంగులు మార్చుకుంటుంది. దాన్ని క్రమబద్ధీకరణ అంటాం.

2021లో మీ తొమ్మిదోవారు వచ్చాక, ఎనిమిదోవారితో కలిసి ఎనిమిది రోజులకోసారి ప్రతిచోటునీ చూసిపోతున్నారు. ఇంత తొందరైతే ఎలా? మాస్టర్ ప్లాన్ సవరించినప్పుడే ఒకసారి వచ్చిపోండి. కుదరదంటే దట్టంగా మబ్బు పట్టిన రోజు చూసుకుని రండి. మబ్బుల్లోంచి కూడా చూడగల రాడార్ ఉపగ్రహాలు కొన్ని ఉన్నాయట, వారికి విడిగా లేఖ రాస్తున్నాం.

ఇట్లు
తమ విధేయులు