వాడు కేయాటిక్ న్యూట్రల్ అట!

ఆదివారం డంజన్స్ అండ్ డ్రాగన్స్ (తలా ఒక పాత్ర అయిపోయి, డైస్ వేస్తూ కథ నడిపే ఆట) ఆడదామని నాలుగింటికి రమ్మంటే, మా వాడు ఆరున్నరకి దిగాడు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. సారీ లేదు సరికదా, చెప్పులు విప్పుతూ "నేను కేయాటిక్ న్యూట్రల్ కదరా!" అని ఇకిలించాడు. ఒళ్లు మండిపోయింది.

అంటే ఆ ఆటలో రూల్స్ పట్టని, అటు మంచీ ఇటు చెడూ కాని పాత్ర స్వభావం. ఒరే బాబూ, ఆ ముక్క పాత్ర వివరాలు రాసే క్యారెక్టర్ షీటు మీద రాసుకునేది, ఆధార్ కార్డు మీద కాదు. 1974లో ఆట వచ్చినప్పుడు ఉన్న స్వభావాలు మూడే: లా (కట్టుబాటు), న్యూట్రాలిటీ (మధ్యస్థం), కేయాస్ (ఇష్టారాజ్యం). మంచీ చెడూ అన్న రెండో కొలత తర్వాత చేరింది. 1978లో వచ్చిన రూల్స్ పుస్తకం ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ నాటికి రెండు కొలతలూ కలిసి మూడు మూళ్లు తొమ్మిది గళ్లయ్యాయి. 2008లో నాలుగో ఎడిషన్ వాటిని ఐదుకి కుదించింది, 2014లో మళ్లీ తొమ్మిది. ఆట రాసేవాళ్లకే లెక్క తెగలేదు, వీడికి మాత్రం తెగిపోయింది.

మా పెదనాన్న ఇన్‌కమ్ టాక్స్ పైసాతో సహా కడతారు. పాల ప్యాకెట్‌కి మాత్రం రోజూ స్కూటర్ మీద రాంగ్ రూట్లోనే వెళ్తారు. ఆయన్ని ఏ గడిలో కూర్చోబెట్టాలి?

పిజ్జాకి వాటా రెండొందల నలభై ఇవ్వమంటే నేను లాఫుల్ ఈవిల్‌నట, అంటే రూల్స్ పాటించే దుర్మార్గుణ్ణట. పోనీ అనుకుని ఆట మొదలెట్టాం. ఇరవై ముఖాల డైస్ మీద వాడికి అన్నిటికన్నా చెత్త అంకె, ఒకటి పడింది. అంతే, లేచి నిలబడ్డాడు.

"డైస్ ప్లేటుకి తగిలింది. రూల్ ప్రకారం మళ్లీ వెయ్యాలి!"