మంచుకు బూడిద పూసిన లైట్ మీటరు గారికి

మహారాజశ్రీ లైట్ మీటరు గారికి,

ఒంగోలు నుంచి మీ యజమానినని ఇన్నాళ్లూ అనుకున్న ఫొటోగ్రాఫరు రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. నా కెమెరా పొట్టలో కూర్చుని వెలుతురు కొలిచే మీరూ క్షేమమే. తిట్లన్నీ నాకే పడ్డాయి కాబట్టి మీకేం ఢోకా లేదు.

పెళ్లిళ్ల డబ్బుల్లో కాస్త పక్కన పెట్టుకుని పోయిన జనవరిలో కశ్మీరులోని గుల్మార్గ్ వెళ్లాం కదా. డిసెంబరు 21 నుంచి నలభై రోజుల చలిని అక్కడివాళ్లు చిల్లై కలాన్ అంటారు. మా ఊళ్లో జనవరి చలంటే పొద్దున్నే మఫ్లర్ చుట్టుకుని టీ కొట్టు దగ్గర నిలబడేది, తొమ్మిదింటికల్లా విప్పి సంచిలో పెట్టుకునేది. అక్కడేమో మోకాలి లోతు మంచు. కొండ తెల్లగా, చెట్లు తెల్లగా, మా ఆవిడ కనుబొమలు కూడా తెల్లగా. ఊపిరి బిగబట్టి క్లిక్ మనిపించాను. తెర మీద చూస్తే కొండకు కొండే పొయ్యిలో బూడిద. మా ఆవిడ తొంగి చూసి, "థర్మల్ ప్లాంటు బూడిద గుట్టలు మనకి దగ్గర్లోనే ఉన్నాయిగా, వాటికోసం ఇంతదూరం రావాలా?" అంది.

మీ సిద్ధాంతం నాకు తెలుసండీ. ఏది చూపించినా, అది తన మీద పడ్డ వెలుతురులో 18 శాతమే తిప్పికొడుతుందని మీ నమ్మకం. చామనఛాయ మనుషులకీ, వరి చేలకీ ఆ లెక్క ఇంచుమించు సరిపోతుంది. అందుకే మన కాపురం ఇన్నేళ్లు నడిచింది. కానీ అప్పుడే కురిసిన మంచు 80, 90 శాతం తిప్పికొడుతుంది. "అమ్మో, ఇంత వెలుగే!" అని మీరు కంగారుపడి షట్టరును తొందరగా మూయించేస్తారు, తెల్లటి మంచు కాస్తా బూడిదవుతుంది. ఒక్కో ప్లస్సుకీ వెలుతురు రెట్టింపు: 18ని రెట్టిస్తే 36, దాన్ని రెట్టిస్తే 72. మంచులో ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (మీ లెక్కను సరిదిద్దే చక్రాన్ని) ప్లస్ రెండు దాకా ఎందుకు తిప్పాలో ఈ రెండో ఎక్కం చెబుతుంది. మీకు ఎక్కాలు రావు. తాము పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

అసలు మీ బుద్ధి నాకు గిత్త దగ్గరే తెలియాల్సింది. కొన్నేళ్ల కిందట ఓ రైతు ఎడ్ల పోటీలకు ముందు తన ఒంగోలు గిత్తను ఫొటో తీయమన్నాడు. బావి దగ్గర కొబ్బరి పీచుతో గంటసేపు తోమి, మెడకు గంటలు కట్టి తెచ్చాడు. ఫ్రేము నిండా గిత్తే. ప్రింటు చేతికిస్తే, డొక్క దగ్గర బొటనవేలితో రుద్ది చూశాడు, మరకేమోనని. మళ్లీ రుద్దాడు. "ఏందయ్యా, కడిగి తీసుకొస్తే బురదలో పొర్లినట్టు తీశావే?" మెడ మీద, మూపురం మీద నలుపు దానికి పుట్టుకతో వచ్చింది. డొక్కల మీది నలుపు మాత్రం తమరు పూసిందే. ఈ జాతి బ్రెజిల్ దాకా వెళ్లి, అక్కడ మన నెల్లూరు పేరుతోనే 'నెలోర్' అనిపించుకుంటోంది. ఆ దేశపు లైట్ మీటర్లు దాన్నేం చేస్తున్నాయో పాపం.

పోనీ తెలుపంటేనే తమకు పడదనుకుందామా అంటే, చీమకుర్తిలో నల్ల గెలాక్సీ గ్రానైట్ పలకలు తీసినప్పుడు ఏం చేశారు? బంగారు చుక్కలతో మెరిసే ఆ నల్లరాయిని సిమెంటు పలకలా వెలవెలబోయేట్టు చేశారు. మంచునీ, గిత్తనీ, నల్లరాయినీ ఒకే గాటన కట్టడం తమకే చెల్లింది.

గుల్మార్గ్‌లో మిగతావాళ్లు కూడా ఏడిపించారు, కాదనను. బ్యాటరీ గంటకే ఎర్రగీత చూపించింది. బనీను జేబులో పెట్టి వెచ్చబరిస్తే తిరిగి లేచింది, చలికి ఎవరైనా అంతే. ఆటోఫోకస్ ఆ తెల్లటి శూన్యంలో కళ్లద్దాలు పోగొట్టుకున్న తాతలా ముందుకీ వెనక్కీ తడుముకుంది. నల్లటి పైన్ మాను చూపిస్తే కుదురుకుంది. నీడలు నీలిమందు ఎక్కువైన పంచెలా వచ్చాయంటే, వాటి మీద పడేది నీలాకాశపు వెలుగు మరి. మంచు కురిసేటప్పుడు పెళ్లిళ్ల అలవాటు కొద్దీ ఫ్లాష్ కొట్టాను. లెన్సు ముందున్న పలుకులన్నీ తలంబ్రాల్లా వెలిగిపోయి కొండ మాయమైంది. అది నా తప్పే, ఒప్పుకుంటున్నా. గది వెచ్చదనానికి లెన్సు మసకబారకుండా కెమెరాను చీర కవర్లో చుట్టి లోపలికి తేవాలని మాత్రం నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఏసీ కల్యాణమండపం నుంచి మే నెల ఒంగోల్లోకి రాగానే ఏమవుతుందో తెలిసినవాణ్ణి.

1885లో అమెరికాలోని వెర్మాంట్‌లో విల్సన్ బెంట్లీ అనే రైతు కెమెరాకి మైక్రోస్కోపు తగిలించి ఒక్కొక్క మంచు పలుకునీ ఫొటో తీశాడు. జీవితకాలంలో అయిదు వేలకు పైగా తీశాడు. అప్పటికి తమరు పుట్టనేలేదు. బహుశా అదే ఆయన అదృష్టం.

చివరిరోజు చక్రాన్ని ప్లస్ రెండుకి తిప్పాను. మీ సూది గింజుకుంది. ఫొటోలో మంచు మంచులాగే పడింది. గుర్రపు డెక్కల గుంటల్లో లేత నీలం నీడ, గుంట అంచున విరిగిన మంచు పెళ్ల, దాని మీద ఉప్పులా మెరిసే పలుకులు. మా ఆవిడ చాలాసేపు చూసి, "ఇదెవరు తీశారు?" అంది.

ఇట్లు,
తమ మాట వినడం మానేసిన
ఒంగోలు ఫొటోగ్రాఫరు

తా.క.: రేపు మళ్లీ చీమకుర్తి పని ఉంది. ఈసారి చక్రం మైనస్ వైపు తిరుగుతుంది. ముందే చెబుతున్నా, తర్వాత గింజుకోవద్దు.