జేబులో పట్టే పిస్టల్ చేతిలో పట్టదు

డల్లాస్ చుట్టుపక్కల తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. నాకే మూడు గ్రూపుల్లో నాలుగుసార్లు వచ్చింది. అందులో ఉన్నది ఇదీ: "రోజులు బాగాలేవు. ప్రతి తెలుగు ఇంట్లో ఒక చిన్న పిస్టల్ ఉండాలి. ఎంత చిన్నదైతే అంత తేలిక, ముఖ్యంగా ఆడవాళ్ళకి. ఏ తూటా అయితేనేం, తగిలితే ఒకటే. జేబులోనో హ్యాండ్‌బ్యాగులోనో పడేసుకోవచ్చు. టెక్సాస్‌లో లైసెన్స్ అక్కర్లేదు, ఎవరైనా కొనొచ్చు. కాల్చే అవసరం కూడా రాదు, చూపిస్తే చాలు, పారిపోతారు." కింద అరచేతిలో పెట్టుకుని తీసిన రూగర్ ఎల్‌సీపీ అనే బుల్లి పిస్టల్ ఫొటో.

తుపాకీ వద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. నా దగ్గరా ఒకటుంది. కానీ ఈ మెసేజ్‌లో ఒక్క వాక్యం కూడా ఉన్నదున్నట్టు నమ్మదగ్గది కాదు. ఒకటైతే నమ్మినవాళ్ళని నేరుగా జైలుకి పంపుతుంది. దాంతోనే మొదలుపెడతాను.

"ఎవరైనా కొనొచ్చు." కొనలేరు. 2021 సెప్టెంబర్ 1న టెక్సాస్‌లో అమల్లోకి వచ్చిన చట్టం చెప్పింది వేరే. 21 ఏళ్ళు నిండి, తుపాకీ ఉంచుకునే అర్హత ఉన్నవాళ్ళు దాన్ని వెంట తీసుకెళ్ళడానికి రాష్ట్రం ఇచ్చే లైసెన్స్ తప్పనిసరి కాదని మాత్రమే అంది. ఆ అర్హత దగ్గరే మనలో చాలామంది ఆగిపోవాలి. హెచ్1బీ, హెచ్4, ఎఫ్1, ఎల్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ, ఒక్క తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం. 2022లో శిక్ష పెంచాక ఇది 15 ఏళ్ళ దాకా జైలు పడగల నేరం. షాపులో నింపే 4473 ఫారంలో ఈ ప్రశ్న సూటిగా అడుగుతారు. అక్కడ అబద్ధం రాస్తే అది ఇంకో నేరం.

"వేట లైసెన్స్ తీసుకుంటే కొనొచ్చటగా" అని మా ఆఫీసు కుర్రాడు అడిగాడు. నిజమే, అలాంటి మినహాయింపు ఉంది. కానీ దాన్ని నమ్ముకుని కౌంటర్ దగ్గరికి వెళ్ళేముందు లాయర్‌కి ఒక గంట ఫీజు కట్టి అడగండి. లైసెన్స్ గడువు తీరిపోయిన మర్నాడు మీ బీరువాలో ఉన్న తుపాకీ సంగతేంటో కూడా అడగండి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళు కొనొచ్చు, నిషేధం లేదు. అయితే తుపాకీ నేరంలో శిక్ష పడితే గ్రీన్‌కార్డు ఉన్నా దేశం నుంచి పంపించెయ్యొచ్చు.

పౌరసత్వం ఉన్నవాళ్ళకీ ఇక్కడ ఒక మెలిక ఉంది. స్కూలుకి వెయ్యి అడుగుల లోపల తుపాకీ వెంట ఉండకూడదని 1990 నాటి ఫెడరల్ చట్టం. రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ ఉంటే మినహాయింపు, లేదంటే తూటాలు తీసేసి తాళం వేసి పెట్టాలి. అంటే టెక్సాస్ అక్కర్లేదన్న ఆ లైసెన్స్ లేకుండా, లోడ్ చేసిన పిస్టల్ జేబులో పెట్టుకుని పిల్లల్ని దింపడానికి కారు లైన్లో నిలబడ్డ నాన్న రోజుకి రెండుసార్లు ఆ చట్టాన్ని దాటుతున్నట్టే. లైసెన్స్ తీసుకోవడం ఇప్పటికీ కుదురుతుంది. తీసుకోండి.

ఇప్పుడు అసలు విషయం. "ఎంత చిన్నదైతే అంత తేలిక." మొయ్యడానికి తేలిక, ఒప్పుకుంటాను. ఎల్‌సీపీ ఖాళీగా సుమారు 270 గ్రాములే ఉంటుంది. కాల్చడానికి మాత్రం సరిగ్గా తిరగేసి చదువుకోవాలి.

గోదావరి దగ్గర పెరిగినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. నాటు పడవలోంచి గట్టు మీదికి దూకితే పడవ సర్రున వెనక్కి జారిపోతుంది. అదే పంటు మీంచి దూకితే చలించదు. దూకినవాడి బరువు ఒకటే, కింద ఉన్నదాని బరువు వేరు. అదే తూటా తేలికైన పిస్టల్లోంచి వెళ్తే చెయ్యి ఎక్కువ అదురుతుంది. పైగా పట్టుకోవడానికి పిడి కూడా పొట్టి.

మా వదిన అమెరికా పౌరురాలే. ఈ మెసేజ్ చూసి ఆవిడకీ ఒకటి కొనాలనిపించింది. షాపులో కుర్రాడు కూడా "లేడీస్‌కి ఇదే బాగుంటుంది" అని అదే చిన్నది చేతిలో పెట్టాడు. "కొనేముందు ఒక్కసారి అద్దెకి తీసుకుని కాల్చి చూడండి వదినా" అని తుపాకీ కాల్చడం సాధన చేసే రేంజ్‌కి తీసుకెళ్ళాను. 7 గజాల దూరంలో కాగితం, చేతిలో ఎల్‌సీపీ. రెండు వేళ్ళు పిడి మీద, చిటికెన వేలు గాల్లో. పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగాన్ని స్లైడ్ అంటారు. దాన్ని వెనక్కి లాగడానికే నాలుగు ప్రయత్నాలు పట్టాయి. స్లైడ్ పొట్టి, స్ప్రింగ్ బిగుతు, వేళ్ళకి దొరికేది రవ్వంత. గురి చూసుకునే గుర్తులు స్లైడ్ మీద చిన్న గాటుల్లా ఉంటాయి. ఆ మసక వెలుతుర్లో నలభై దాటిన కంటికి ఆనవు. ట్రిగ్గర్ చాలాదూరం వెనక్కి లాగాలి, లాగేలోపు మూతి కిందికి వాలిపోతుంది. మొదటి ఆరు తూటాల్లో కాగితానికి తగిలినవి మూడు. రెండో మ్యాగజైన్ (తూటాలు పెట్టే డబ్బా) మధ్యలో, పేలిన తూటా ఖాళీ తొడుగు బయటికి రాక ఇరుక్కుంది. మణికట్టు గట్టిగా నిలబెట్టకపోతే చిన్న పిస్టళ్ళలో ఇది ఇట్టే అవుతుంది. మూడోది అయ్యేసరికి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం ఎర్రగా కందింది.

"ఇదేంటి, చిన్నదే కదా అన్నారు, చెయ్యి ఇలా మండుతోంది?"

"చిన్నది కాబట్టే వదినా."

తర్వాత, ఎల్‌సీపీలో వాడే 380 రకం తూటాతోనే పనిచేసే స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ఈజీ పిస్టల్ ఇప్పించాను. 2018లో వచ్చిన మోడల్, అర కిలో పైన బరువు. స్లైడ్ తేలిగ్గా జరిగేలా చేసిందే అది. ఒక్క ప్రయత్నంలో జరిగింది. చివరి ఎనిమిదీ ఒక సాసర్ అంత మేర పడ్డాయి. ఆవిడ మొహం వెలిగిపోయింది. (మెడ వెడల్పు టాప్ వేసుకుని రావొద్దని ముందే చెప్పడం మర్చిపోయాను. వేడి తొడుగు ఒకటి ఎగిరి లోపల పడింది. ఆ గెంతు నేను చచ్చేదాకా మర్చిపోను. అంత గెంతులోనూ మూతి కాగితం వైపే ఉంచారు, అది మాత్రం మెచ్చుకోవాలి.)

జేబు పిస్టల్ చేయి తిరిగినవాళ్ళ పనిముట్టు. ఇంట్లో పెద్దది ఒకటి ఉండి, ఎండాకాలం నిక్కరు జేబులో పెద్దది పట్టదు కాబట్టి రెండోదిగా చిన్నది పెట్టుకునేవాళ్ళ కోసం. మొదటిసారి కొనేవాళ్ళకి దాన్ని అంటగట్టడం, ఈత రానివాణ్ణి తేలిగ్గా ఉంటుందని పుట్టిలో కూర్చోబెట్టడం లాంటిది. రివాల్వర్ అయితే జామ్ అవదు అంటారు. అదీ చూశాం. స్మిత్ అండ్ వెసన్ 642 అనే చిన్న రివాల్వర్ ట్రిగ్గర్ సుమారు 12 పౌండ్ల బలంతో లాగాలి. వదిన రెండు చూపుడు వేళ్ళూ పెట్టి లాగబోయారు.

"ఏ తూటా అయితేనేం." 380కి, మామూలు 9 ఎంఎంకి గుండు వెడల్పు ఒకటే. తొడుగు పొడవు మాత్రం 380ది 17 మిల్లీమీటర్లు, 9 ఎంఎంది 19. అందుకే 380లో మందు, పీడనం తక్కువ. దానికి తోడు మూడంగుళాలు కూడా లేని గొట్టం. 1986లో మయామీలో తన ఏజెంట్లు చనిపోయిన కాల్పుల తర్వాత ఎఫ్‌బీఐ తూటాల్ని జెలటిన్ దిమ్మల్లోకి కాల్చి పరీక్షించడం మొదలుపెట్టింది. 12 నుంచి 18 అంగుళాల లోతుకి వెళ్ళాలి అన్నది కొలత. పొట్టి గొట్టంలోంచి వెళ్ళే 380 తరచు రెంటిలో ఒకదాన్నే ఇస్తుంది: తగిలాక గుండు విచ్చుకుంటే లోతుకి పోదు, లోతుకి పోతే విచ్చుకోదు. అలాగని పనికిరాదని కాదు. తగలని 9 ఎంఎం కన్నా తగిలిన 380 నయం. 2018లో వచ్చిన సిగ్ పీ365 పిస్టల్ దాదాపు అర కిలో బరువులో 9 ఎంఎం తూటాలు పదకొండు పట్టేలా చేశాక, ఓపిగ్గా నేర్చుకునేవాళ్ళకి దారి ఇంకొంచెం వెడల్పయింది.

"జేబులోనో హ్యాండ్‌బ్యాగులోనో పడేసుకోవచ్చు." ఆ 'పడేసుకోవడం' అన్న మాటే తప్పు. జేబులో అయితే ట్రిగ్గర్ పూర్తిగా మూసే హోల్‌స్టర్ (పిస్టల్ ఒర) ఉండాలి, ఆ జేబులో తాళాలు గానీ చిల్లర గానీ ఇంకేదీ ఉండకూడదు. నెలకోసారి తీసి చూస్తే నూలుపోగులు, దుమ్ము గొట్టం మూతిలో కనిపిస్తాయి. కారులో సీటుబెల్టు పెట్టుకుని కూర్చుని, ఖాళీ పిస్టల్‌తో ముందు జేబులోంచి తీసి చూడండి, ఎంతసేపు పడుతుందో. ఎల్‌సీపీ వచ్చిన 2008లోనే, కింద పడితే పేలే అవకాశం ఉందని కంపెనీ తొలి పిస్టళ్ళని వెనక్కి పిలిపించి బాగుచేసి ఇచ్చింది. ఇప్పటివి అలా కావు, కానీ సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్ళు నంబర్ సరిచూసుకోవాలి.

హ్యాండ్‌బ్యాగు మాట ఎత్తితే నాకు భయం. 2014 డిసెంబర్ 30న ఐడహోలోని హేడెన్ పట్టణంలో, వాల్‌మార్ట్ షాపింగ్ బండిలో కూర్చున్న రెండేళ్ళ బాబు తల్లి పర్సులోంచి పిస్టల్ తీశాడు. అది పేలి ఆ తల్లి అక్కడే చనిపోయింది. ఆమె తుపాకీ తెలియని మనిషి కాదు, ఆ పర్సు కూడా పిస్టల్ కోసమే కుట్టిన జిప్పు అర ఉన్నది. మన ఇళ్ళలో బిస్కెట్ కోసమో ఫోన్ కోసమో పిల్లల చెయ్యి అమ్మ బ్యాగులోకి రోజుకి ఎన్నిసార్లు వెళ్తుందో లెక్క పెట్టుకోండి. పేల్చడానికి సిద్ధంగా ఉన్న తుపాకీ అజాగ్రత్తగా వదిలి, అది పదిహేడేళ్ళ లోపు పిల్లల చేతికి చిక్కితే టెక్సాస్‌లో అది పెద్దల నేరం. బ్యాగులో ఉందని మర్చిపోవడం కూడా మామూలే: 2024లో అమెరికా విమానాశ్రయాల తనిఖీల్లో 6,678 తుపాకులు దొరికాయి, పదింటిలో తొమ్మిదికి పైగా లోడ్ చేసినవే. అదే బ్యాగుతో ఇండియా వెళ్తూ అడుగున ఒక్క తూటా ఉండిపోయినా, తిరుగు ప్రయాణంలో శంషాబాద్‌లో ఆయుధాల చట్టం గురించి పోలీసులతో మాట్లాడాల్సి రావచ్చు.

"చూపిస్తే చాలు." పార్కింగ్ దగ్గర గొడవలో చూపిస్తే చాలదు, కేసు కూడా అవుతుంది. బలప్రయోగం చట్టప్రకారం సబబైన పరిస్థితిలోనే తుపాకీ చూపించి బెదిరించడం చెల్లుతుంది. ఊరికే ఎదుటివాడి వైపు గురిపెడితే, అందులో తూటా లేదని మీరు నమ్మినా సరే, ప్రమాదకరంగా ప్రవర్తించినట్టే లెక్క అని టెక్సాస్ చట్టంలో రాసి ఉంది.

ఇదంతా గ్రూపులో పెట్టాక ఒకాయన "అన్నా, ఇంతకీ ఏది కొనమంటావ్?" అని అడిగాడు. పేరు చెప్పను. మీకు అర్హత ఉంటే రేంజ్‌లో మూడు అద్దెకి తీసుకోండి, ఒక్కోదానితో యాభై తూటాలు కాల్చండి. యాభయ్యోది కూడా మొదటిదానిలా పడినదాన్ని కొనండి. వదిన ఆ ఈజీయే కొన్నారు. వేలిముద్రతో తెరుచుకునే చిన్న ఇనప్పెట్టెలో ఉంది. నెలకి రెండు ఆదివారాలు రేంజ్‌కి వెళ్తున్నారు, మెడ దాకా మూసిన టీషర్టు వేసుకుని. బయటికి తీసుకెళ్ళడం మాత్రం ఇంకా మొదలుపెట్టలేదు. "ముందు చెయ్యి అలవాటు కానీ" అంటున్నారు.