హేస్టింగ్స్ గారికి ఒక విగ్రహం పడాల్సిందే

ముందే చెప్పేస్తున్నా, వారెన్ హేస్టింగ్స్‌కి కాదు, ఆయన సంగతి స్కూల్లోనే చదివేశాం. నేననేది లాన్స్‌ఫర్డ్ హేస్టింగ్స్ గారి గురించి. 1840ల్లో అమెరికా జనం ఎద్దుబళ్ళు కట్టుకుని పిల్లాజెల్లాతో మిస్సోరీ నుంచి కొండలు దాటి 2000 మైళ్ళు పడమటికి, కాలిఫోర్నియా వైపు పోతుంటే, వాళ్ళ అవస్థ చూళ్ళేక షార్ట్‌కట్ కనిపెట్టిన మహానుభావుడు. కనిపెట్టాడంటే వెళ్ళి చూసొచ్చాడని కాదు, 1845లో గైడ్ పుస్తకం అచ్చేసి అందులో యూటా ఉప్పునీటి సరస్సు సాల్ట్ లేక్ పక్కనుంచి పోతే దగ్గర దారి అని ఓ ముక్క పడేశాడు, అప్పటికి ఆ దారిలో ఆయన అడుగు కూడా పెట్టలేదు. వెంచర్ బ్రోచర్లలో "ఎయిర్‌పోర్ట్‌కి 20 నిమిషాలు" అని రాసేవాళ్ళు ఈయన ఫోటోకి దండెందుకు వెయ్యట్లేదో నాకర్థం కాదు.

పాత దారి ఉందిగా అంటారు. ఉంది, సౌత్ పాస్ మీదుగా రాకీ పర్వతాలు దాటి, ఫోర్ట్ హాల్ వైపు చుట్టూ తిరిగి. అందరూ పోయే దారిలో పోతే ఇంక మన గొప్పేముంది?

1846లో డోనర్, రీడ్ కుటుంబాల వాళ్ళు ఈ షార్ట్‌కట్ నమ్ముకుని బయల్దేరారు. జేమ్స్ క్లైమన్ అని కొండల్లో తలపండిన మనిషి, హేస్టింగ్స్‌తో పాటే ఆ దారిన గుర్రమ్మీద వచ్చినవాడు, బళ్ళతో అటు పోవద్దయ్యా అని రీడ్‌కి మొత్తుకున్నాడు. దగ్గర దారి ఉండగా ఈ చుట్టు తిరుగుడు దేనికన్నాడు రీడ్. తర్వాత ఫోర్ట్ బ్రిడ్జర్‌లో కొట్టు నడిపే జిమ్ బ్రిడ్జర్‌ని అడిగితే బ్రహ్మాండమైన దారన్నాడు, అనడా మరి, ఇంకో కొత్త దారి పడి కొట్టుకి బేరాలు తగ్గి ఉన్నాడాయె!

తీరా కొండల దగ్గరికొచ్చేసరికి హేస్టింగ్స్ గారు లేరు, వేరే బళ్ళని తీసుకుని ముందెళ్ళిపోయారు. పొదకి ఓ చీటీ మాత్రం కట్టి ఉంది, ముందు దారి బాలేదు, మనిషిని పంపితే ఇంకో దారి చెప్తా అని. రీడ్ గుర్రమేసుకుని పోయి పట్టుకుంటే, సార్ సగం దూరం వచ్చి, ఓ కొండెక్కి, అదిగో అటు పోవాలి అని చెయ్యి చాచి చూపించి వెనక్కెళ్ళిపోయారు. అంతే సర్వీసు. ఆ వేలు చూపించిన వైపు దారంటూ ఏమీ లేదు, గొడ్డళ్ళతో చెట్లు నరుక్కుంటూ వాసాచ్ కొండల్లో 36 మైళ్ళు పోడానికి రెండు వారాలు దాటింది. (ఆ నరికిన దారిలోనే మరుసటి ఏడు మోర్మన్లు, అదే ఓ క్రైస్తవ శాఖ వాళ్ళు, చక్కా బళ్ళు తోలుకుపోయారు, ఊరికే చెప్తున్నా.)

ఎడారి ముందు ఇంకో చీటీ, ఈసారి పక్షులు చింపేసిన ముక్కలు. టామ్సెన్ డోనర్ గారు, ఒకప్పటి టీచరమ్మ, మోకాళ్ళ మీద కూర్చుని ముక్కలన్నీ ఏరి అతికిస్తే తేలింది, రెండు పగళ్ళు రెండు రాత్రుళ్ళు తోలితే నీళ్ళొస్తాయని. ఆ ఎడారి సుమారు 80 మైళ్ళు, దాటడానికి ఐదారు రోజులు పట్టింది, దాహానికి రీడ్ ఎడ్లు చాలావరకు ఎటో పారిపోయాయి. మొత్తమ్మీద షార్ట్‌కట్ పాత దారి కంటే 125 మైళ్ళు ఎక్కువే తేలింది. కాలిఫోర్నియా అంచున ఉన్న సియెర్రా కొండల కిందకి చేరేసరికి అక్టోబర్ ఆఖరు, మంచు పడిపోయింది. 87 మందిలో సగానికి దగ్గరగా బతకలేదు, ఆ చలికాలం మిగిలినవాళ్ళు ఏం తిన్నారో ఇక్కడ రాయను. ఇప్పుడు మన బే ఏరియా వాళ్ళు పులిహోర డబ్బా కార్లో పెట్టుకుని ఐ-80 హైవే మీద మంచు చూడ్డానికి పోయేది వీళ్ళ పేరే పడ్డ ఆ డోనర్ సమ్మిట్ కనుమ మీదుగానే.

అసలు 1844లో బళ్ళవాళ్ళకి ఆ కొండలవైపు దారి చెప్పింది ట్రకీ అనే పెద్దాయన, అక్కడి పాయూట్ తెగవాడు. కృతజ్ఞతగా నదికి ఆయన పేరు పెట్టి భూమి ఈ వలసవాళ్ళు తీసుకున్నారు.

హేస్టింగ్స్ గారు మాత్రం తగ్గలేదు, 1867లో బ్రెజిల్‌కి వలస పోవడమెలా అని ఇంకో గైడ్ రాశారు. అందుకే నా డిమాండ్, వాసాచ్‌లో ఓ కొండ మీద ఆయన విగ్రహం పెట్టాలి, గుర్రమ్మీద, చెయ్యి పడమటికి చాచి. గుర్రం మొహం మాత్రం వెనక్కి తిరిగి ఉండాలి.